నిందకు సమాధానము

పాలమూరు జిల్లా గద్వాల ప్రాంతమున, ఇటిక్యాలపాడు వాస్తవ్యులైన సురవరం ప్రతాపరెడ్డిగారు 1896లో జన్మించిరి. మదరాసున పట్టభద్రులై, న్యాయశాస్త్రమును చదివిరి. వకీలుగా సుఖముగా బ్రదుకవచ్చును. కాని 1926లో హైదరాబాదున ‘గోలకొండ పత్రిక’ సంపాదకత్వము చేపట్టిరి. ఉర్దూ రాజభాషయై, తెలుగు బడులే అరుదైన కాలమది.

నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని అప్పుడొకరు వ్రాసిరి. ఆ మాట రెడ్డిగారిని నొప్పించెను. మనమైనచో ఏమి చేయుదుము? ఘాటైన జాబొకటి వ్రాసి ఊరకుందుము. ఆయన పల్లెపల్లెనుండి పద్యములు తెప్పించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను అచ్చొత్తించిరి. అందు 354 మంది కవులు! నల్లగొండ, పాలమూరు సీమల పండితులెందఱో అందు కానవత్తురు. అందఱును మహాకవులు కాకపోవచ్చును. కవులు కలరని చూపుటయే అక్కడి పని.

ఆ శ్రద్ధతోనే 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించిరి. రాజుల యుద్ధములను ప్రక్కనుంచి, ప్రజలేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి యని కావ్యములలో వెదకిరి. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికై, మఱుసటి యేట ఆగస్టు 25న కన్నుమూసిరి. కేంద్ర సాహిత్య అకాడమీవారి తొలి తెలుగు పురస్కారము 1955లో ఆ గ్రంథమునకే లభించెను. అందుకొనుటకు ఆయన లేరు.