రౌల్ వాలెన్‌బర్గ్

రౌల్ వాలెన్‌బర్గ్ (జననం: ఆగష్టు 4, 1912) స్వీడన్ దేశానికి చెందిన దౌత్యవేత్త. రెండవ ప్రపంచ యుద్ధపు చివరి నెలలలో హంగేరీ రాజధాని బుడాపెస్టులో వేలాది యూదుల ప్రాణాలను కాపాడినవాడిగా ప్రసిద్ధుడు. 1945 జనవరిలో సోవియట్ సైన్యం ఈయనను నిర్బంధించింది. ఆ తరువాత ఈయన స్వదేశానికి తిరిగి రాలేదు. మరణ వివరాలు నేటికీ పూర్తిగా తేలలేదు.

బాల్యం, విద్య

వాలెన్‌బర్గ్ స్టాక్‌హోం సమీపంలోని లిడింగో ద్వీపంలో, బ్యాంకింగ్ రంగంలో పేరొందిన సంపన్న కుటుంబంలో జన్మించాడు. నౌకాదళ అధికారి అయిన తండ్రి, కుమారుడు పుట్టడానికి మూడు నెలల ముందే మరణించాడు. దౌత్యవేత్త అయిన తాత గుస్తావ్ వాలెన్‌బర్గ్ మనుమడి చదువు బాధ్యత తీసుకున్నాడు. వాలెన్‌బర్గ్ 1931 నుండి 1935 వరకు అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పం అభ్యసించాడు. అనంతరం దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లోను, పాలస్తీనాలోని హైఫాలోను కొంతకాలం పనిచేశాడు. పిమ్మట హంగేరీ యూదుడైన కొలోమన్ లావర్ వ్యాపార సంస్థలో చేరి, ఆ పనిమీద హంగేరీకి వెళ్ళివస్తూ ఉండేవాడు.

హంగేరీలో పరిస్థితి

1944 మార్చి 19న జర్మనీ సేనలు తమ మిత్రదేశమైన హంగేరీని ఆక్రమించాయి. మే 15 నుండి జులై 9 వరకు, ఎనిమిది వారాలలోనే, సుమారు 4,37,000 మంది యూదులను రైళ్ళలో తరలించారు. వారిలో అత్యధికులను ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి పంపారు. బుడాపెస్టు యూదులు మాత్రమే మిగిలారు. అమెరికా ఏర్పాటు చేసిన యుద్ధ శరణార్థుల మండలి, తటస్థ దేశమైన స్వీడన్ సహాయం కోరగా, వాలెన్‌బర్గ్‌ను ఎంపిక చేశారు. ఈయన 1944 జులై 9న దౌత్యాధికారి హోదాలో బుడాపెస్టు చేరుకున్నాడు.

రక్షణ పత్రాలు

స్వీడన్ దౌత్య కార్యాలయం అంతకుముందే కొందరు యూదులకు పత్రాలు ఇస్తూ ఉండేది. వాలెన్‌బర్గ్ వాటి రూపాన్ని మార్చి, నీలం, పసుపు రంగులలో, స్వీడన్ రాజచిహ్నమైన మూడు కిరీటాలతో "షుట్జ్‌పాస్" అనే రక్షణ పత్రాన్ని తయారు చేయించాడు. అంతర్జాతీయ న్యాయం ప్రకారం దీనికి విలువ లేకపోయినా, అధికారిక ముద్రలకు లొంగే అధికారులు దీనిని చాలావరకు గౌరవించారు. హంగేరీ ప్రభుత్వం 4,500 పత్రాలకు మాత్రమే అనుమతించినా, అంతకంటే ఎక్కువే జారీ అయ్యాయి. ఈయన నగరంలో ముప్పైకి పైగా భవనాలను అద్దెకు తీసుకొని, వాటిపై స్వీడన్ జెండాలు ఎగురవేసి, వేలమందికి ఆశ్రయం కల్పించాడు.

1944 అక్టోబరు 15న యారో క్రాస్ పార్టీ జర్మనీ అండతో అధికారం చేజిక్కించుకున్నది. నవంబరులో వేలాది యూదులను ఆస్ట్రియా సరిహద్దుకు కాలినడకన తరిమారు. వాలెన్‌బర్గ్, తన సహచరుడు పేర్ ఆంగెర్‌తో కలిసి ఆ దారి వెంట వాహనాలలో వెళ్ళి, ఆహారం, మందులు పంచి, పత్రాలున్నవారిని వెనుకకు తీసుకొనివచ్చాడు. స్విట్జర్లాండు దౌత్యవేత్త కార్ల్ లుట్జ్, పోప్ ప్రతినిధి ఆంజెలో రోట్టా, ఇటలీకి చెందిన జోర్జో పెర్లాస్కా కూడా ఇటువంటి కృషే చేశారు. 1945 జనవరిలో ఘెట్టోలో ఉన్న సుమారు 70,000 మందిని చంపే ప్రయత్నం ఆగిపోయింది. ఇందులో ఎవరి పాత్ర ఎంత అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు.

నిర్బంధం

1945 జనవరి 17న వాలెన్‌బర్గ్, తన కారు డ్రైవరు విల్మోస్ లాంగ్‌ఫెల్డర్‌తో కలిసి సోవియట్ సైనికాధికారులను కలుసుకోవడానికి డెబ్రెసెన్ నగరానికి బయలుదేరాడు. యూదులకు ఆహారం, రక్షణ ఏర్పాట్ల గురించి మాట్లాడడం ఈయన ఉద్దేశం. అదే రోజు మాస్కో నుండి ఈయన నిర్బంధానికి ఉత్తర్వు వెలువడింది. అమెరికా నిధులతో పనిచేసినందున గూఢచారి అని అనుమానించి ఉంటారని పలువురి అభిప్రాయం. ఫిబ్రవరిలో ఈయనను మాస్కోలోని లుబ్యాంకా కారాగారానికి తరలించారు. ఘెట్టో నుండి బయటపడినవారు స్వేచ్ఛగా తిరుగుతున్న కాలంలో వారిని కాపాడిన వ్యక్తి చెరసాలలో ఉన్నాడు. లాంగ్‌ఫెల్డర్ కూడా తిరిగి రాలేదు.

స్వీడన్ ప్రభుత్వం తొలి సంవత్సరాలలో గట్టిగా ప్రయత్నించలేదు. 1946 జూన్‌లో స్టాలిన్‌ను కలిసిన స్వీడన్ రాయబారి సోడర్‌బ్లోం, వాలెన్‌బర్గ్ హంగేరీలోనే మరణించి ఉంటాడన్న తన అభిప్రాయాన్ని స్వయంగా వెల్లడించాడు. దీనిపై తరువాత తీవ్ర విమర్శలు వచ్చాయి. 1947 ఆగష్టులో సోవియట్ ప్రభుత్వం అటువంటి వ్యక్తి తమ దేశంలో లేడని ప్రకటించింది. 1957లో మాట మార్చి, 1947 జులై 17న ఈయన లుబ్యాంకాలో గుండెపోటుతో మరణించాడని తెలిపింది. ఈ వివరణను కుటుంబ సభ్యులు అంగీకరించలేదు. కుమారుని కోసం ముప్పై ఏళ్ళకు పైగా ప్రయత్నించిన తల్లి, మారుతండ్రి 1979లో మరణించారు. 1989లో సోవియట్ అధికారులు ఈయన పాస్‌పోర్టును, ఇతర వస్తువులను కుటుంబానికి అప్పగించారు. 2016లో స్వీడన్ ప్రభుత్వ సంస్థ ఈయన మరణించినట్లు అధికారికంగా నమోదు చేసింది.

గౌరవాలు

ఇజ్రాయిల్‌కు చెందిన యాద్ వషెం సంస్థ 1963లో ఈయనను యూదులను కాపాడిన ఇతర జాతీయులకిచ్చే పురస్కారంతో గౌరవించింది. 1981లో అమెరికా, 1985లో కెనడా గౌరవ పౌరసత్వం ఇచ్చాయి. బుడాపెస్టులో ఒక వీధికి ఈయన పేరు పెట్టారు.