పటాలం నుంచి పంటపొలానికి.. ధర్మపురి దొర మన్రో

ధర్మపురి: కడప, అనంతపురం, కర్నూలు పల్లెల్లో మన్రో దొర పేరు వినని పెద్దవాళ్లు అరుదు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారని, గండి క్షేత్రంలో కొండల నడుమ బంగారు తోరణం ఆయన కంట పడిందని ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్న కుటుంబాలూ ఉన్నాయి. అయితే ఆ దొర శిస్తు లెక్కల్లో ఓనమాలు దిద్దుకున్నది రాయలసీమలో కాదు.. మన ధర్మపురిలో! 1792 నుంచి 1799 దాకా ఏడేళ్లు ఆయన ఇక్కడే గడిపారు. అప్పటికి ఆయన కలెక్టరు కాదు. మద్రాసు సైన్యంలో పదాతిదళ లెఫ్టినెంటు. నేటి భారత సైన్యంలోని మద్రాసు రెజిమెంటుకు మూలం ఆ పదాతిదళమే కావడం విశేషం.

తలగడ బదులు తూటాల సంచి

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టారు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసేవారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం దెబ్బకు ఆ వ్యాపారం మునిగిపోయింది. దాంతో కొడుకు ఈస్టిండియా కంపెనీలో పదాతిదళ క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో ఓడ దిగారు. అప్పటికి వయసు 18. ఆ ఏడాదే హైదర్ అలీ విరుచుకుపడ్డారు. సెప్టెంబరులో కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కల్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయింది. మద్రాసుకు వెనుదిరిగిన ప్రధాన సేనలో కుర్ర మన్రో కూడా ఉన్నారు.

చాలీచాలని జీతం. తలగడ లేక పుస్తకాన్నో, తూటాల సంచినో తల కింద పెట్టుకుని పడుకున్న సంగతి ఆయనే ఇంటికి రాసుకున్నారు. ఆ ఇబ్బందుల్లోనే పారశీకం, హిందుస్థానీ పట్టుబట్టి నేర్చుకున్నారు. తర్వాత ఆయన బతుకు మలుపు తిరిగింది ఈ భాషల వల్లే.

‘తిలంగా’ పేరు ఇలా వచ్చింది

మన్రో చేరేనాటికి మద్రాసు సిపాయి పటాలాలకు ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. 1758లో ఫ్రెంచి సేన మద్రాసును ముట్టడించేందుకు వస్తున్న వేళ, చెల్లాచెదురుగా ఉన్న సిపాయి కంపెనీలను కలిపి పటాలాలుగా కట్టారు. వీటిలో తెలుగువారు, తమిళులు, ముస్లింలు అంతా ఉండేవారు. క్లైవు వెంట మద్రాసు నుంచి బెంగాల్‌కు వెళ్లిన సిపాయిలను చూసి అక్కడివాళ్లు ‘తిలంగా’ అన్నారు. చివరికి ఉత్తరాదిలో కంపెనీ సిపాయి ఎవరైనా సరే తిలంగా అయిపోయాడు.

పటాలం కింద కంపెనీలు. కంపెనీలో కింద సిపాయి, ఆపైన నాయక్, హవల్దార్, జమాదార్, సుబేదారు. ఆ పైమెట్లన్నీ తెల్లవారివే. 1796లో సైన్యాన్ని తిరిగి వ్యవస్థీకరించి, రెండేసి పటాలాలను ఒక రెజిమెంటుగా చేశారు. తెల్ల అధికారుల సంఖ్య పెరిగింది. ఆ మేరకు సుబేదారు మాటకు విలువ తగ్గింది.

బారామహల్ పాఠం

1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు సుల్తాన్ చేతి నుంచి బారామహల్, సేలం ప్రాంతాలు కంపెనీ పరమయ్యాయి. నేటి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలు అందులోవే. మద్రాసు సివిల్ ఉద్యోగులకు జనం భాషలు రావని గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ ఈ పనికి సైనికులనే ఎంచుకున్నారు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ పెద్ద. ఆయన కింద ముగ్గురు సహాయకులు.. గ్రాహం, మెక్లియోడ్, మన్రో. మన్రో మకాం ధర్మపురి.

గ్రామాలు తిరిగి, చేలు కొలిపించి, రైతులతో నేరుగా మాట్లాడి శిస్తు కట్టడం అప్పటికి కొత్త. మధ్యలో గుత్తేదారు లేడు. పొలం ఎవరిదో పట్టా వారికే. అదే రైత్వారీ పద్ధతి. అలాగని రైతు కష్టం తీరలేదు. శిస్తు రేట్లు ఎక్కువ, కట్టాల్సింది రొక్కం. వాన మొహం చాటేస్తే రైతు గతి అంతే. ధర్మపురిలో మన్రో ఓ తోట పెంచారు. 1799లో ఊరు విడిచి వెళ్లేటప్పుడు దాన్ని వదల్లేక బాధపడ్డారు.

కెనరాలో కొన్నాళ్లు పనిచేశాక 1800లో, నిజాం ఇచ్చేసిన దత్తమండలాలకు కలెక్టరయ్యారు. బళ్లారి, అనంతపురం, కడప సీమల్లో పాలెగాళ్లను అణిచారు. ధర్మపురిలో నేర్చిన పద్ధతినే అక్కడా అమలు చేశారు. శిస్తు నాలుగో వంతు తగ్గించాలని 1807లో ఆయన ప్రతిపాదిస్తే పైవాళ్లు ఒప్పుకోలేదు. గవర్నరయ్యాక 1820లో గానీ ఆ పని కాలేదు.

మళ్లీ కత్తి పట్టి..

1817లో మరాఠాలతో యుద్ధం రాగానే మన్రో మళ్లీ సైన్యంలోకి వెళ్లారు. చేతిలో ఉన్న పటాలాలు కొద్ది. స్థానిక బంట్రోతులను కూడగట్టుకుని 1818లో బాదామి, బెళగాం, షోలాపూర్ కోటలు పట్టారు. 1820లో మద్రాసు గవర్నరయ్యారు. 1824లో బర్మా యుద్ధం మొదలైతే మద్రాసు సిపాయిలను సముద్రం దాటించి పంపారు. అందుకు 1825లో ఆయనకు బారనెట్ బిరుదు దక్కింది. దాటి వెళ్లిన సిపాయిల్లో ఎందరు తిరిగి రాలేదో, వాళ్ల పేర్లేమిటో ఏ శిలాఫలకమూ చెప్పదు.

నిచ్చెన సుబేదారు దగ్గరే ఆగింది

సిపాయి మనసు మన్రోకు తెలుసు. 1806 జులై 10న వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. కొత్త తలపాగా పెట్టాలని, నొసటి బొట్టు చెరపాలని, గడ్డం తీయాలని ఇచ్చిన ఉత్తర్వులే నిప్పు రాజేశాయి. తమను క్రైస్తవుల్ని చేయబోతున్నారని జనం గట్టిగా నమ్ముతున్నారని మన్రో అప్పటి గవర్నర్ బెంటింక్‌కు రాశారు.

పదహారేళ్లకు, 1822లో ఆయనే గవర్నరుగా మరో హెచ్చరిక చేశారు. సిపాయి ఎంత కష్టపడినా సుబేదారును దాటలేడు. ఈ అసంతృప్తి రాజుకుంటే మొదట మండేది సైన్యమేనన్నారు. జబ్బు సరిగ్గానే పట్టారు. మందు మాత్రం వేరేది రాశారు. సిపాయికి పై హోదా ఇప్పించలేదు. పత్రికలకు స్వేచ్ఛ ఇవ్వొద్దన్నారు! రైతుకు పట్టా ఇచ్చిన చేయి సిపాయి దగ్గరకు వచ్చేసరికి వెనక్కి తగ్గింది. 1857లో బెంగాల్ సైన్యం భగ్గుమంది. మద్రాసు సైన్యం చాలా వరకు కదల్లేదు.

పత్తికొండలో తుదిశ్వాస

పదవి దిగే ముందు తన పాత సీమను చూడాలని బయల్దేరిన మన్రో 1827 జులై 6న కర్నూలు ప్రాంతంలోని పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. గుత్తిలో ఖననం చేశారు. తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. చెన్నైలో జీను లేని గుర్రంపై కూర్చున్న ఆయన విగ్రహం 1839 నుంచి ఉంది.

ఇక ఆయన చేరిన పదాతిదళం కథ. పొదుపు పేరిట 1920వ దశకంలో మద్రాసు పటాలాలను రద్దు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ నిలబెట్టారు. మద్రాసు రెజిమెంటు కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. దక్షిణాది రాష్ట్రాల యువకులు అక్కడ శిక్షణ పొందుతారు. ఆ బారకాసులకు శ్రీనగేశ్ పేరు పెట్టారు. 1955 నుంచి 1957 దాకా భారత సైన్యాధిపతిగా, తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన జనరల్ ఆయన. సుబేదారు దగ్గర ఆగిన నిచ్చెనకు పైమెట్టు వేయడానికి మన్రో హెచ్చరిక తర్వాత దాదాపు వందేళ్లు పట్టింది. ఆ మెట్టు ఎక్కిన తొలి తరంలో శ్రీనగేశ్ ఒకరు.