నిద్రపోతున్న ప్రత్యర్థిని దాటినవాడు

ఇప్పుడు లాంగ్ డిస్టెన్స్ సైకిల్ రేసుల్లో ప్రతి రైడర్ దగ్గరా ఒక ట్రాకర్ ఉంటుంది. ఎవరు ఆగారో, ఎవరు కునుకు తీస్తున్నారో మనం ఫోన్‌లో చుక్కలు చూసి చెప్పేయొచ్చు. రాత్రుళ్లు ఆ చుక్కలు చూసే పిచ్చి నాకూ ఉంది. ఆ పిచ్చిలోనే షార్ల్ టెరాన్ గురించి చదివా.

1857లో పుట్టిన ఫ్రెంచివాడు. సైకిల్ ముందు చక్రం మనిషంత ఎత్తు ఉన్న రోజుల్లోనే ఇంగ్లండ్ వెళ్లి, లండన్‌లో ఆరు రోజుల పందేలు తొక్కాడు. అసలు కథ మాత్రం 1891 సెప్టెంబర్‌ది. పియెర్ జిఫార్ అనే పాత్రికేయుడు తన పత్రిక తరఫున పారిస్ నుంచి బ్రెస్ట్‌కి, మళ్లీ పారిస్‌కి రేసు పెట్టాడు. దాదాపు 1200 కిలోమీటర్లు. బయల్దేరినవాళ్లు 206 మంది. ముందు తొక్కుతూ దారి చూపే పేసర్లను పెట్టుకోవచ్చు గానీ సైకిల్ మార్చకూడదు. అందుకని సైకిళ్లకు సీళ్లు వేశారు.

అప్పటికి టెరాన్‌కి 34 ఏళ్లు. అతని చక్రాలకి మిషెలిన్ వాళ్ల కొత్త టైర్లు. ఆ రోజుల్లో గాలి టైరుని రిమ్‌కి జిగురుతో అంటించేవాళ్లు, పంక్చర్ పడితే గంటలు పోయేవి. వీళ్లది ఊడదీసి మళ్లీ బిగించే రకం. మెకానికల్ వాళ్లు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి! ప్రత్యర్థి జియెల్-లావాల్‌వి డన్‌లప్ టైర్లు. అంటే పోటీ ఇద్దరు మనుషులదే కాదు, రెండు కంపెనీలది కూడా.

టెరాన్‌కి దారిలో పంక్చర్లు పడ్డాయి. బ్రెస్ట్‌కి లావాల్ ముందు చేరాడు. వెనక ఉన్నవాడికి ముందున్నవాడు ఎంత దూరంలో ఉన్నాడో ఎలా తెలుస్తుంది? దారిలో ఊళ్లవాళ్లు చెప్పాలి, తన మనుషులు కబురు తేవాలి, అంతే. మూడో రాత్రి గాంగాన్ దగ్గర ఆ కబురు వచ్చింది: లావాల్ పడుకున్నాడు. టెరాన్ చప్పుడు కాకుండా ఊరి పక్కగా తప్పుకుని ముందుకెళ్లిపోయాడు. లావాల్ లేచేసరికి రేసు చేజారిపోయింది.

ఇది దొంగాటే అని మా రూమ్‌మేట్ వాదన. నేనలా అనుకోను. నిద్ర లావాల్ ఎంచుకున్నది, మెలకువ టెరాన్ ఎంచుకున్నది. కాకపోతే ఎదుటివాడు ఎక్కడున్నాడో ఇతనికి తెలుసు, అతనికి తెలియదు. ఆ ఒక్క సమాచారమే తేడా. లావాల్ మీద జాలి మాత్రం ఇంకా పోలేదు నాకు.

71 గంటల 22 నిమిషాలు, కునుకు లేకుండా. తెల్లారేసరికే పారిస్‌లో జనం కిక్కిరిసి ఎదురుచూస్తున్నారు. లావాల్ చాలా గంటల తర్వాత వచ్చాడు. పూర్తి చేసినవాళ్లు మొత్తం మీద వంద మంది దాకా, కొందరికి రోజులు పట్టింది.

1893లో పారిస్‌లోనే, ఒక భవనం లోపల వాలెంటిన్ కోర్‌తో 1000 కిలోమీటర్ల పందెం. ఇక్కడ దాక్కోడానికి ఊరు లేదు, చీకటి లేదు. ఇద్దరూ ఒకరి కళ్లెదుట ఒకరు. ముందు దిగినవాడే వెనకబడతాడు. టెరాన్ ఒక రోజుకి పైగా సైకిల్ దిగనే లేదు. సుమారు 42 గంటల్లో గెలిచాడు. మధ్య దూరం పది కిలోమీటర్లు కూడా లేదు!

అదే ఏడాది సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి పారిస్ దాకా, దాదాపు 3000 కిలోమీటర్లు, రెండు వారాల్లో తొక్కేశాడు. ఈసారి ముందూ వెనకా ప్రత్యర్థి ఎవరూ లేరు. 1932లో చనిపోయాడు. పారిస్-బ్రెస్ట్-పారిస్ ఇప్పుడు పందెం కాదు, నాలుగేళ్లకోసారి గడువులోపు పూర్తి చేసే రైడ్. హైదరాబాద్ నుంచి కూడా వెళ్తున్నారు. దారి పక్కన పడుకున్నవాళ్లని దాటుకుంటూ పోవడం అక్కడ ఇప్పటికీ మామూలే.