అణువుల లెక్క తేల్చిన ఎల్లాప్రగడ సుబ్బారావు

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. ఆయన విద్యాభ్యాసం సుగమంగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని చేతికి రాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి వైద్యకళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపును శిరసావహించి శస్త్రచికిత్స వేళ ఖద్దరు అంగీ ధరించడం ఆంగ్లేయుడైన ఆచార్యునికి కంటగింపైంది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది.

యౌవనంలోనే మరొక దెబ్బ తగిలింది. తిన్న ఆహారం ఒంటబట్టనీయక, రక్తహీనత కలిగించి మనిషిని శుష్కింపజేసే స్ప్రూ వ్యాధి, ఇద్దరు సోదరులను రోజుల వ్యవధిలో కబళించింది. అదే వ్యాధి తనకూ సోకగా డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. ఆ వ్యాధి మూలమేమిటన్న ప్రశ్న మాత్రం ఆయనను విడిచిపెట్టలేదు. మామగారి సహాయంతోను, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆర్థిక తోడ్పాటుతోను 1922లో బోస్టన్ చేరారు. రాత్రులు ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదివి, అనంతరం జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధనకు ఉపక్రమించారు.

విద్యార్థులారా! రసాయనశాస్త్ర తరగతిలో మీరు మోల్ నిష్పత్తిని గూర్చి వింటారు. అది తూకానికి సంబంధించినది కాదు, సంఖ్యకు సంబంధించినది. ఆదోనికి పత్తి మోసే బండికి ఎద్దులు రెండు, ఇరుసు ఒకటి. ఎద్దు ఎంత బరువున్నా, ఇరుసు ఎంత తేలికైనా ఆ రెండు, ఒకటి అన్న లెక్క మారదు. పదార్థాలూ అట్లే నిర్ణీత సంఖ్యలలో కలుస్తాయి. అయితే అణువులను వేళ్లపై లెక్కించలేము గనుక తూచి, ఆ తూకం నుండి సంఖ్యను రాబట్టాలి. సుబ్బారావు జీవితకృషిలో అధికభాగం ఈ లెక్కయే.

రక్తంలోను, కండరంలోను ఉండే అత్యల్ప భాస్వరాన్ని కొలవడం ఆనాడు కష్టసాధ్యం. ఫిస్క్, సుబ్బారావు 1925లో ఒక సులభమైన పద్ధతిని ప్రకటించారు. ఆమ్లద్రావణంలో ఫాస్ఫేటుకు మాలిబ్డేటును చేర్చగా, ఒక్కొక్క భాస్వర పరమాణువు చుట్టూ పన్నెండు మాలిబ్డినం పరమాణువులు చేరి ఒక సంయోగ పదార్థం ఏర్పడుతుంది. దానిని క్షయకరణం చేస్తే చక్కని నీలివర్ణం వస్తుంది. భాస్వరం ఎంతో, నీలిమ అంత. వర్ణగాఢతను ప్రమాణ ద్రావణంతో పోల్చితే చాలు, పరిమాణం తేలిపోతుంది. ఇరువురి పేర్లనూ కలుపుకొన్న ఆ పద్ధతిని తరతరాల విద్యార్థులు ప్రయోగశాలల్లో అభ్యసించారు.

అసలు కథ తరువాతిది. కండరం నుండి తీసిన ద్రావణంలో ఆ నీలిరంగు రావలసినంత వేగంగా రాలేదు. మరొకరైతే కొలతలో పొరపాటని తోసివేసేవారేమో! వారు ఆగి ఆలోచించారు. భాస్వరం ఏదో అస్థిర పదార్థంలో బంధితమై ఉండి, ఆమ్లంలో మెల్లమెల్లగా విడివడుతున్నదని గ్రహించారు. ఆ తోడు పదార్థం క్రియాటిన్ అని తేలింది. క్రియాటిన్ అణుభారం 131, భాస్వర పరమాణుభారం 31. అంటే 31 గ్రాముల భాస్వరానికి 131 గ్రాముల క్రియాటిన్. తూకంలో నాలుగు రెట్లకు మించి కనిపించినా, లెక్కలో ఒకటికి ఒకటే! 1927లో వారు ఫాస్ఫోక్రియాటిన్‌ను లోకానికి వెల్లడించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే ఏడాది ఈ అస్థిర పదార్థాన్ని గుర్తించారు గాని, అందులోని క్రియాటిన్‌ను పట్టుకోలేకపోయారు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే కారణమన్న సిద్ధాంతం అప్పటికి ప్రబలంగా ఉండేది. కండర పరిశోధనకే 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది కూడా. ఈ ఆవిష్కరణతో ఆ సిద్ధాంతం కదిలిపోయింది.

1929లో జర్మనీలో లోమన్, ఇక్కడ ఫిస్క్, సుబ్బారావు విడివిడిగా ఎ.టి.పి.ని కనుగొన్నారు. అడినిన్ ఒకటి, రైబోజ్ ఒకటి, ఫాస్ఫేట్లు మూడు: ఇదీ జీవకణానికి శక్తినిచ్చే అణువు లెక్క. సుబ్బారావు 1930లో డాక్టరేటు పొందారు. ప్రచారం ఆయనకు రుచించేది కాదు. ఆ ఉదాసీనత ఆయన గౌరవాన్ని పెంచినదేమో గాని, ఆయనను స్వదేశీయులకు చిరకాలం అపరిచితుణ్ణి చేసిందని నా అభిప్రాయం.

హార్వర్డులో శాశ్వత స్థానం లభించక 1940లో లెడర్లె ప్రయోగశాలలకు వెళ్లారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఇక్కడా నిష్పత్తియే మార్గదర్శి. కాలేయంలో లభించిన ఫోలిక్ ఆమ్లంలో గ్లుటామిక్ ఆమ్లం వంతు ఒకటి. సూక్ష్మజీవుల కిణ్వనం వల్ల లభించిన దానిలో మూడు. ఆ భేదం తెలిసిన పిదపనే రెండింటి బంధుత్వం స్పష్టమైంది. ఆ ఔషధం స్ప్రూ రోగులకు సంజీవనియైంది. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు దొరికింది. అయితే పాతికేళ్లు ఆలస్యంగా!

బోదకాలు వ్యాధికి హెట్రజాన్, తరువాత ఆరియోమైసిన్ ఆ ప్రయోగశాలల నుండే వెలువడ్డాయి. ఫోలిక్ ఆమ్లపు అణువును స్వల్పంగా మార్చి తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు సోకిన పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగింది. అంతవరకు ఆ వ్యాధికి చికిత్సయే లేదు. 1948 జూన్‌లో ఆ వ్యాసం అచ్చయింది. రెండు నెలలు గడిచాయి. ఆగస్టులో, 53 ఏళ్ల ప్రాయంలో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. 1922లో వీడ్కోలు పలికిన భార్య శేషగిరిని ఆయన మరల చూడనేలేదు.