వకీలు కావలసిన అబ్బాయి గాలిని కొలిచాడు



మీ అబ్బాయో అమ్మాయో పుస్తకం పక్కన పెట్టి, పాత ఫ్యాను మోటారు విప్పుతూ కూర్చుంటే మీకు ఏమనిపిస్తుంది? ఇంగ్లండులో లీడ్స్ దగ్గర ఆస్థోర్ప్ అనే ఊళ్ళో ఒక తండ్రికి ఇదే పరిస్థితి ఎదురైంది. ఆయన వకీలు. 1724లో పుట్టిన కొడుకు జాన్ స్మీటన్ తన వృత్తిలోకే రావాలని ఆయన కోరిక. 1742లో న్యాయశాస్త్రం కోసం అతణ్ణి లండన్ కూడా పంపాడు. కానీ జాన్ మనసంతా పనిముట్ల మీదే. చివరికి తన ఇష్టం ఏమిటో తండ్రికి వివరంగా రాశాడు. తండ్రి కాదనలేదు. జాన్ శాస్త్ర పరికరాలు తయారుచేసే పనిలోకి దిగాడు.

ఆ రోజుల్లో గాలిమరలు కట్టేవారు అనుభవంతోనే కట్టేవారు. రెక్క ఎంత వంపు ఉండాలి, ఎంత వెడల్పు ఉండాలి అని కొలిచి చూసినవారు తక్కువ. స్మీటన్ చిన్న గాలిమర నమూనా చేశాడు. అయితే మనకు కావలసినప్పుడు, కావలసిన వేగంతో గాలి వీయదు కదా! అందుకని ఆయన తిరకాసు వేశాడు. నమూనాను ఒక పొడవాటి కర్ర చివర బిగించి, తాడు లాగి కర్రను గుండ్రంగా తిప్పాడు. గాలి కదలకపోయినా, రెక్కలే గాలిలోకి దూసుకెళ్ళాయి. లోలకంతో వేగం సరిచూసుకుంటూ, రెక్కలు ఎంత బరువు ఎత్తగలవో లెక్కించాడు.

ఫలితాలు ఆశ్చర్యకరం. రెక్కల వెడల్పు ఒక హద్దు దాటితే లాభం లేదు, నష్టమే. గాలి వేగం రెట్టింపైతే శక్తి రెట్టింపు కాదు, సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది.

ఇక్కడే అసలు పాఠం ఉంది. ఈ ప్రయోగాలు 1752, 1753లలో జరిగాయి. ఆయన వెంటనే ప్రకటించలేదు. చిన్న నమూనాలో నిజమైనది పెద్ద మరలోనూ నిజమవుతుందని నమ్మకం ఏమిటి? నిజమైన మరల్లో పరీక్షించుకున్నాకే, 1759లో రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. ఆ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది.

అదే ఏడాది అక్టోబరులో, ప్లిమత్ తీరానికి దూరంగా సముద్రం మధ్య ఎడ్డిస్టోన్ రాతి మీద ఆయన కట్టిన దీపస్తంభం వెలిగింది. అక్కడ అంతకుముందు కట్టినవాటిలో ఒకటి 1703 తుఫానుకు కొట్టుకుపోయింది, ఇంకొకటి 1755లో కాలిపోయింది. స్మీటన్ రాళ్ళను ఒకదానిలో ఒకటి ఇమిడేలా చెక్కించి పేర్చాడు. వందేళ్ళు దాటాక కింద ఉన్న బండ అరిగింది కానీ, స్తంభం చెక్కుచెదరలేదు. దాని పైభాగాన్ని ఇప్పటికీ ప్లిమత్‌లో చూడవచ్చు. స్మీటన్ 1792లో ఆస్థోర్ప్‌లోనే కన్నుమూశాడు.

ఈ రోజు సముద్రంలో నిలిపే భారీ గాలి టర్బైన్లకు కూడా ముందు చిన్న నమూనాలు చేసి, విండ్ టన్నెల్‌లో పరీక్షిస్తారు. చిన్నదాని ఫలితం పెద్దదానికి ఎంతవరకు వర్తిస్తుందన్న స్మీటన్ ప్రశ్న వారికీ తప్పదు.

యూనిట్ టెస్టు మార్కులు కూడా ఒక చిన్న నమూనాయే. వాటిని చూసి పిల్లల జీవితమంతా లెక్కగట్టకండి. ఈ నెల ఒక ఆదివారం మీ పిల్లలతో కలిసి కాగితపు గాలిమర చేయండి. రెక్కల వంపు మార్చి, ఏది వేగంగా తిరుగుతుందో వారినే కొలవనివ్వండి. ఆ వకీలు తండ్రి చేసింది కూడా అంతే, కొడుకు మాట విన్నాడు.