స్వామి జ్ఞానానంద గారు – పరమాణువు లెక్క

ఈసారి గోడపత్రికలో స్వామి జ్ఞానానంద గారి జీవితం రాస్తున్నాను. ఆయన సన్యాసి, శాస్త్రవేత్త కూడా.

ఆయన 1896లో ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టినారు. అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. ఇల్లు విడిచి హిమాలయాలకు పోయి యోగం నేర్చుకున్నారు. తర్వాత జర్మనీ పోయినారు. అక్కడ భౌతికశాస్త్రం మీద మనసు పడింది. అప్పటికే ముప్పై ఏళ్లు దాటినాయి. అయినా సిగ్గుపడకుండా చదువులో దిగినారు. ప్రాగ్ నగరంలో ఎక్స్ కిరణాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నారు. ఆ తర్వాత ఇంగ్లాండులో లివర్‌పూల్ పోయి చాడ్విక్ గారి దగ్గర పనిచేసినారు. 1932లో న్యూట్రాన్‌ను కనుక్కున్నది ఈ చాడ్విక్ గారే.

మన ఇనుప మంచంలో ప్రతి పరమాణువులోనూ విద్యుదావేశం ఉంది. మరి ముట్టుకుంటే షాక్ ఎందుకు కొట్టదు? పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుంది. దాంట్లో ప్రోటాన్లకు ధనావేశం. న్యూట్రాన్లకు ఏ ఆవేశమూ లేదు. చుట్టూ ఉండే ఎలక్ట్రాన్లకు ఋణావేశం. ప్రోటాన్ ఆవేశం ఎంతో ఎలక్ట్రాన్ ఆవేశమూ అంతే, గుర్తు మాత్రం వేరు. సోడియంలో 11 ప్రోటాన్లు, 11 ఎలక్ట్రాన్లు. కలిపితే సున్న.

సంతలో చింతపండు తూచేటప్పుడు తక్కెడ ముల్లు నడిమికి నిలిస్తే తట్టలు ఖాళీ అని కాదు గదా, రెండు పక్కలా సమానం అని. ఇదీ అంతే. ఒక ఎలక్ట్రాన్ తక్కువైతే పరమాణువుకు ధనావేశం మిగిలి, చుట్టుపక్కల ఎలక్ట్రాన్లను లాగుతుంది. సమానమైతే తటస్థం.

లివర్‌పూల్‌లో స్వామీజీ బీటా కిరణాల మీద పనిచేసినారు. కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారినప్పుడు ఒక ఎలక్ట్రాన్ బయటికి దూసుకొస్తుంది. అదే బీటా కిరణం. అప్పుడు కూడా ఒక ధనం, ఒక ఋణం పుడతాయి. మొత్తం లెక్క మారదు.

1950ల్లో ఆయన విశాఖపట్నం వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర శాఖను నిలబెట్టినారు. 1969లో కన్నుమూసినారు.

మా అమ్మానాయన బడి మొహం చూడలేదు. మా అక్క ఏడో తరగతితో నిలిపేసింది. ఇప్పుడు 17 ఏళ్లు, ఇంకేం చదువు అంటుంది. సంక్రాంతి సెలవుల్లో ఆమెకు ఈ స్వామీజీ సంగతి చెప్పి, ఓపెన్ స్కూలు ఫారం చేతిలో పెడతాను. మీ ఇండ్లలో ఇట్లాంటి అక్కలుంటే మీరూ చెప్పండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని