కలియుగ భీమ కోడి రామ్మూర్తి నాయుడు

ఈ నెల గోడపత్రికకు ఒక గొప్పవారి జీవితం రాయమని నాకు చెప్పినారు. గాంధీ తాత గురించి, అంబేడ్కర్ గురించి మనవాళ్లు ముందే రాసినారు. అందుకని నేను ఒక మల్లయోధుని గురించి రాస్తున్నాను.

మనం వేసుకునే చేతుల్లేని బనీనును శాండో బనీను అంటాం కదా. శాండో అనేది ఒక మనిషి పేరు. యూజిన్ శాండో 1867లో జర్మన్ల గడ్డ మీద పుట్టిన వస్తాదు. 1905 ప్రాంతంలో ఆయన మన దేశానికి కూడా వచ్చి, బరువులెత్తి జనాన్ని ఆశ్చర్యపరిచినాడు. ఆయన పేరు ఇప్పటికీ మన ఒంటి మీద ఉంది. సరిగ్గా ఆ కాలంలోనే మన తెలుగు నేల మీద ఇంకొక బలశాలి తయారవుతా ఉండినారు. ఆయనే కోడి రామ్మూర్తి నాయుడు గారు. ఆయన పేరు మాత్రం మనలో చాలామందికి తెలీదు.

కోడి అన్నది ఇంటిపేరు. ఎవరూ నవ్వొద్దు. ఇంటిపేరు కోడి అయినా ఆయన శాకాహారి. ఆదివారం కూరలో ముక్క తక్కువ పడిందని గొడవపడేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

ఆయన 1880 దాటిన తొలి ఏండ్లలో వీరఘట్టంలో పుట్టినారు. ఆ ఊరు చాలా కాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. మన నల్లమల పక్క చెంచులు, సుగాలీలు ఉన్నట్లే అక్కడ సవరలు, జాతాపులు ఉంటారు. రామ్మూర్తి గారిది గిరిజన కుటుంబం కాదు గానీ, అటువంటి కొండల పక్కనే పుట్టినారు. తండ్రి పేరు వెంకన్న నాయుడు. రామ్మూర్తి గారికి చిన్నప్పుడే తల్లి చనిపోయింది. తండ్రి ఆయన్ను విజయనగరంలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి ఇంటికి పంపించినాడు. అంటే మన మాదిరే, కన్నవాళ్ల ఇల్లు విడిచి వేరే చోట పెరిగిన పిల్లవాడు. చిన్నాయన పోలీసు ఇన్‌స్పెక్టరు. తమ్ముని ఇంట్లో ఉంటే కొడుకు బాగుపడతాడని ఆ తండ్రి అనుకుని ఉంటాడు.

విజయనగరంలో ఆయన ఒక వ్యాయామశాలలో చేరినారు. అక్కడ కసరత్తు, కుస్తీ నేర్చుకున్నారు. 21 ఏండ్లకే రొమ్ము మీద టన్నున్నర బరువు మోసినారని చెప్తారు. టన్నున్నర అంటే 50 కిలోల బియ్యం మూటలు 30. మన స్టోరు రూములో మూటలు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ నేనొక మాట చెప్పాల. మా నాయన బేతంచెర్ల పక్క బండల గనిలో పని చేస్తాడు. ఒక్కో బండను ఇద్దరు పట్టి ట్రాక్టర్‌లోకి ఎక్కిస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లెక్కేస్తే ఆయన చేతుల మీదుగా పోయే బరువు కూడా టన్నుల్లోనే ఉంటుంది. కానీ టికెట్టు కొని చూడ్డానికి ఎవరూ రారు. బిరుదు ఎవరూ ఇవ్వరు. నడుం నొప్పి మాత్రం వస్తుంది. మన క్లాసులో ఇద్దరు సెలవులకు ఇంటికి పోయి తిరిగి రాలేదు. అమ్మానాయనలతో సుగ్గికి పోయినారు. పోయే ముందు వాళ్లలో ఒకడు నాతో అన్నదేమంటే, తనకు ఒంట్లో బలం ఉందంట, చదివినా చదవకపోయినా చేసేది కూలి పనే కదా అంట. వానికి అప్పుడు నాకు జవాబు తోచలేదు. రామ్మూర్తి గారి జీవితం చదివినాక తోచింది.

ఆ జవాబు ఏమంటే, రామ్మూర్తి గారు బలం ఉంది కదా అని ఊరుకోలేదు. మద్రాసు పోయి సైదాపేట కాలేజీలో ఒక సంవత్సరం వ్యాయామ విద్య చదివినారు. సర్టిఫికెట్టు తెచ్చుకున్నారు. తాను చదివిన విజయనగరం హైస్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడుగా చేరినారు. అంటే మన పీఈటీ సార్ మాదిరి. కలియుగ భీముడు మొదట డ్రిల్లు మాస్టారు!

తర్వాత పొట్టి పంతులు అనే మిత్రుని సాయంతో సర్కస్ కంపెనీ పెట్టినారు. 1911లో ఆ సర్కస్ తెలుగు జిల్లాలు తిరిగింది. 1912లో మద్రాసులో డేరా వేసింది. ఆయన ప్రదర్శనల్లో మూడు బాగా పేరు పొందినాయి. ఒంటికి చుట్టిన ఉక్కు గొలుసును తెంచడం, కదలబోయే మోటారు కార్లను తాళ్లతో ఆపడం, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకోవడం.

ఇవి మాయలు కావు. నాకు అర్థమైనంత వరకు చెప్తాను. గొలుసు తెంచేటప్పుడు ఊపిరి నిండా పీల్చి రొమ్ము ఉబ్బించేవారు. వదులైన ఫుట్‌బాల్ బ్లాడరుకు గాలి కొడితే తోలు ఎట్లా బిగుస్తుందో, అట్లా గొలుసు బిగిసి తెగేది. ఏనుగు ఎక్కేటప్పుడు రొమ్ము మీద చెక్క పలక పెడతారు. పలక వల్ల బరువు ఒక్క చోట గుచ్చుకోకుండా పరుచుకుంటుంది. ఏనుగు దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టాల. ఒక్క క్షణం వదిలితే ఎముకలు మిగలవు. కారు సంగతి వేరే. నిలబడిన కారు కదలాలంటే ముందు ఊపు అందుకోవాల. ఆయన ఆ ఊపే అందనిచ్చేవారు కాదు. ముందుగానే తాడు బిగించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి నిలబడేవారు. ఉరుకుతా వచ్చే కారును పట్టుకోబోతే ఎంత బలవంతుడైనా ఈడ్చుకుని పోవాల్సిందే. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఈ కథ నేను చెప్పినాక 6వ తరగతి తమ్ముళ్లు ఇద్దరు నీళ్ల ట్యాంకరు వెనక తాడు కట్టబోయినారు. వార్డెన్ సార్ చూడబట్టి సరిపోయింది. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

మన పక్క తిరునాళ్లలో ఎద్దులతో బండ లాగిస్తారు, వయసు పిల్లోళ్లు గుండు ఎత్తుతారు. అది ఊరి సంబరం. రామ్మూర్తి గారి ప్రదర్శనలో ఇంకొక అర్థం కూడా ఉండేది. అప్పుడు తెల్లదొరల రాజ్యం. మనవాళ్లు బలహీనులు కాబట్టే పరాయివాళ్ల కింద ఉన్నారని చులకన చేసేవాళ్లు. 1910లో పంజాబు పక్క నుంచి గామా పహిల్వాన్ లండన్ పోయి జిబిస్కో అనే పోలెండ్ వస్తాదుతో తలపడినాడు. మొదటి రోజు ఎవరూ గెలవలేదు. రెండోసారికి జిబిస్కో రాలేదు, గెలుపు గామాకే దక్కింది. రామ్మూర్తి గారు కూడా లండన్‌లో అయిదో జార్జి రాజు, మేరీ రాణి ముందర తన బలం చూపించి ఇండియన్ హెర్క్యులెస్ అనిపించుకున్నారు. హెర్క్యులెస్ అంటే గ్రీకుల కథల్లో భీముని వంటివాడు. మన దేశంలో కలియుగ భీమ, మల్లమార్తాండ అని బిరుదులు వచ్చినాయి. బాగా సంపాదించినారు, దానధర్మాలకు ధారాళంగా ఇచ్చినారు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ మిగతాది కూడా తెలుసుకోవాల. ఆయన కాలికి పుండు లేచింది. అది మానలేదు. చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. ఏనుగును మోసిన మనిషికి ఒక పుండు ఎదురు నిలిచింది. ఆపరేషన్ అప్పుడు మత్తుమందు వద్దని, ప్రాణాయామం చేసి ఊపిరి బిగబట్టి నొప్పి ఓర్చుకున్నారని చెప్తారు. గొలుసు తెంచిన ఊపిరే ఆ రోజు ఆయనకు తోడు నిలబడింది. కండ పోయినా నేర్చుకున్నది పోలేదు. చివరి రోజులు ఒడిశాలోని బలంగీర్‌లో గడిచినాయి. 1942 జనవరిలో, సంక్రాంతి పండుగ నాళ్లలో ఆయన కన్నుమూసినారు. ఇప్పుడు విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది.

మిత్రులారా! మనలో చాలామందికి బలం తక్కువేం లేదు. కొండ ఎక్కేవాళ్లం, కట్టెలు మోసేవాళ్లం, కొడవలి పట్టినవాళ్లం. నేర్పేవాళ్లు లేక, సర్టిఫికెట్టు లేక మన పెద్దల బలం దినకూలికి అమ్ముడుపోయింది. మన దగ్గర ఇప్పుడు గ్రౌండు ఉంది, నేర్పే సార్లు ఉన్నారు. పొద్దున విజిల్ వినపడితే దుప్పటి ముసుగు తన్నకుండా లేద్దాం. సాయంత్రం స్టడీ అవర్లో నిద్రపోకుండా చదువుదాం.

వార్డెన్ సార్‌కు ఒక మనవి. సుగ్గికి పోయిన మన వాళ్లిద్దరూ ఎప్పుడు వస్తారో తెలీదు. వాళ్లు వచ్చి చదివేదాకా ఈ కాగితాన్ని గోడ మీద నుంచి తీయొద్దని కోరుతున్నాను.